తాళం పడ్డ మట్టిమిద్దె

ప్రశ్న: ఆదోనిలో మిల్లు పని పోయాక 10 ఏళ్లుగా తాళం వేసి ఉన్న మా నాన్నగారి మట్టిమిద్దె కారుతోంది. పైన సిమెంటు పోయిస్తే సరిపోతుందా?

జవాబు: వద్దండి. సిమెంటు పొర బీటలిచ్చి తడిని లోపలే పట్టి ఉంచుతుంది, బరువూ అదనం. మిద్దెపై పరిచే చౌడుమట్టి (ఉప్పు పట్టిన చౌడునేల మట్టి) తడిస్తే సన్నటి రేణువులు కదిలి సందులు పూడుకుంటాయి, అందుకే నీరు దిగదు. ఏటా వానలకు ముందు కొత్త చౌడు పరచకపోతే గడ్డివేళ్లు, ఎలుక బొరియలు దారిస్తాయి.

ముందుగా మిద్దె ఎక్కకండి. దూలం గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. అరంగుళం సులువుగా దిగిందా, పుచ్చినట్టే. నడుమ గట్టిగా కనిపించే దూలం కూడా అక్కడే చెడుతుంది, తడిగోడ దాన్ని ఆరనివ్వదు. కింద గట్టి గుంజలు ఆనించాకే పైమట్టి తీయించండి. తర్వాత వాననీళ్లు బయటికి పోయే గొట్టం వైపు వాలు పెట్టి, 3 అంగుళాల చౌడు పరచి దిమ్మిసతో గట్టిపడేలా కొట్టించాలి.

గోడలో మొలిచిన రావిమొక్కను మాత్రం లాగకండి, రాళ్లూ ఊడొస్తాయి.