స్థలాన్ని రెండుగా విడగొడితే ఇంధన నియమం తప్పుతుందా?

ప్రశ్న: నా వయసు 56. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో అధ్యాపకుణ్ణి. హైదరాబాద్ శివారు కొంపల్లిలో ప్రధాన రహదారి పక్కన, పడమటి ముఖంగా, మా నాన్నగారి నుంచి సంక్రమించిన 1,500 గజాల స్థలం ఉంది. ఒక బిల్డర్ అందులో 40,000 చదరపు అడుగుల వాణిజ్య భవనం కట్టి చెరిసగం తీసుకుందామంటున్నారు. అయితే భవనంలో కరెంటు తక్కువ ఖర్చయ్యేలా కట్టాలనే ఇంధన పొదుపు నియమావళి వల్ల 56 లక్షల రూపాయల అదనపు ఖర్చు వస్తుందట. అందులో సగం, 28 లక్షలు, నన్ను పెట్టమంటున్నారు. అలా వద్దనుకుంటే స్థలాన్ని నా పేరున, నా భార్య పేరున రెండుగా విడగొట్టి రెండు చిన్న భవనాలకు అనుమతి తెచ్చుకుంటే ఆ నియమం వర్తించదని చెబుతున్నారు. మా పొదుపు మొత్తం 62 లక్షలు. ఇక్కడ అద్దె చదరపు అడుగుకు నెలకు 45 రూపాయలు, అమ్మకం ధర 7,000 రూపాయల దాకా ఉంది. న్యూజెర్సీలో ఉన్న మా బావమరిది అక్కడ న్యూయార్క్‌లో ఆఫీసు భవనాలకు కర్బన జరిమానాలు వేస్తున్నారని, అసలు ఈ జోలికే పోవద్దని అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా స్థలాన్ని విడగొట్టే సంగతి చూద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. తెలంగాణలో వాణిజ్య భవనాలకు ఇంధన పొదుపు నియమావళి వర్తించాలంటే స్థలం 1,000 చదరపు మీటర్లయినా ఉండాలి, లేదా కట్టే విస్తీర్ణం 2,000 చదరపు మీటర్లయినా ఉండాలి. మీ 1,500 గజాలు 1,254 చదరపు మీటర్లు. 40,000 చదరపు అడుగులు దాదాపు 3,716 చదరపు మీటర్లు. రెండు కొలతల్లోనూ మీరు పరిధిలోకి వస్తారు. సగానికి విడగొడితే ఒక్కొక్కటి 627 చదరపు మీటర్ల స్థలం, 1,858 చదరపు మీటర్ల కట్టడం అవుతాయి కనుక, బిల్డర్ చెప్పిన లెక్క కాగితం మీద తప్పు కాదు. కానీ ఆయన ఒక్క గీటురాయినే చూశారు.

2022లో సవరించిన కేంద్ర ఇంధన పొదుపు చట్టం భవనాన్ని కొలిచేది గజాలతో కాదు, విద్యుత్ లోడుతో. కనెక్టెడ్ లోడు (భవనంలోని పరికరాలన్నిటి మొత్తం విద్యుత్ సామర్థ్యం) 100 కిలోవాట్లు గానీ, కాంట్రాక్ట్ డిమాండ్ (విద్యుత్ సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ వాడకం) 120 కేవీఏ గానీ ఉన్న భవనాలను అది లెక్కలోకి తీసుకుంటుంది. ఏసీలు, లిఫ్టు, పంపులు, దీపాలు, కంప్యూటర్లు అన్నీ కలిపితే 20,000 చదరపు అడుగుల ఆఫీసు భవనం ఆ హద్దు దాటడం పెద్ద విషయమేమీ కాదు. పైకప్పు వేడిని తగ్గించాలంటూ తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం వాణిజ్య భవనాలకు విస్తీర్ణంతో నిమిత్తం లేకుండా వర్తిస్తుంది. అద్దెకు రేపు ఏదైనా ఆసుపత్రి వచ్చిందనుకోండి, రాష్ట్ర నియమావళిలో ఆసుపత్రులకు, హోటళ్లకు, మల్టీప్లెక్సులకు విస్తీర్ణం మినహాయింపు కూడా లేదు. గదులు అమ్మదలచుకుంటే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదుకు స్థలం హద్దు 500 చదరపు మీటర్లు మాత్రమే కాబట్టి, విడగొట్టిన సగం కూడా అందులో పడుతుంది. రెండు భవనాల మధ్య వదలాల్సిన ఖాళీ జాగాలకు (సెట్‌బ్యాకులకు), రెండు మెట్లదారులకు, రెండు లిఫ్టులకు పోయే చోటును బిల్డర్ తన లెక్కలో చూపించారా అని ఒక్కసారి అడగండి. పన్ను విషయంలోనూ కలిసివచ్చేదేమీ లేదు: భార్యకు బహుమతిగా ఇచ్చిన ఆస్తి మీద వచ్చే అద్దెను, లాభాన్ని ఆదాయపు పన్ను చట్టం మీ ఆదాయంలోనే కలుపుతుంది. అందువల్ల ఆ ఆలోచనను ఇక్కడితో వదిలేయండి.

ఇప్పుడు ఆ 56 లక్షల సంగతి. అంచనా పత్రం మీరు పంపలేదు గానీ, రోడ్డు వైపు ముఖమంతా నిలువెత్తు అద్దాలతో ఉన్న నమూనా చిత్రాన్ని మాత్రం పంపారు. మీ స్థలానిది పడమటి ముఖం. మే నెలలో మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం ఆరు దాకా ఆ అద్దాల మీద ఎండ ఎలా పడుతుందో మీ ఇంటి పడమటి గదిలో కూర్చుని చూసినా తెలుస్తుంది. నియమావళిలోని సాధారణ పద్ధతి ప్రకారం గోడ విస్తీర్ణంలో కిటికీలు, అద్దాలు 40 శాతానికి మించకూడదు; మించాలంటే వేరే పద్ధతిలో, భవనం మొత్తం వాడకాన్ని లెక్కగట్టి, మిగతా చోట్ల అంతకంత పొదుపు చూపించాలి. మామూలుగా జరిగేది ఏమిటంటే, బిల్డర్ అద్దాల ముఖాన్ని అలాగే ఉంచుకుంటారు, దాన్ని నెగ్గించుకోవడానికి ఖరీదైన అద్దం, పెద్ద ఏసీ యంత్రాలు చేర్చుతారు, ఆ మొత్తాన్ని తెచ్చి నియమావళి ఖాతాలో రాస్తారు. అది నియమం వల్ల వచ్చిన ఖర్చు కాదు, అద్దాల మీద మోజు వల్ల వచ్చిన ఖర్చు. అద్దాన్ని మూడో వంతుకు తగ్గించి, పడమటి గోడకు లోతైన సజ్జాలు పెట్టి, పైకప్పు మీద వేడి ఆపే పొర, తెల్ల టైల్స్ వేసి, ఏసీ సామర్థ్యాన్ని ఆ మేరకు తగ్గించి రెండో అంచనా తయారు చేయమని ఆర్కిటెక్ట్‌ను అడగండి. ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకున్నాకే డబ్బు మాట మాట్లాడాలి.

వాదన కోసం 56 లక్షలే నిజమనుకుందాం. ఆ ఖర్చుకు ఫలం ఎవరికి దక్కుతుందన్నది అసలు చిక్కు. నియమావళికి లోబడిన భవనం మామూలు భవనం కంటే కనీసం 25 శాతం తక్కువ ఇంధనం వాడాలని 2017 నాటి నియమావళి లక్ష్యం. మీ భవనం ఏడాదికి 4 లక్షల యూనిట్లు వాడేదనుకుంటే లక్ష యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 10 రూపాయలైతే ఏడాదికి 10 లక్షలు. అయిదున్నరేళ్లలో పెట్టుబడి తిరిగి వచ్చినట్టే కనిపిస్తుంది. అయితే కరెంటు బిల్లు కట్టేది అద్దెకున్నవారు. ఖర్చు మీది, పొదుపు వారిది. వాణిజ్య భవనాల మీద వచ్చే ఇలాంటి నియమాలన్నింటిలోనూ యజమానులు దెబ్బతినేది ఇక్కడే, దీన్ని చక్కదిద్దే చోటు లీజు పత్రం. ఆ 10 లక్షలను 40,000 చదరపు అడుగులకు పంచితే నెలకు చదరపు అడుగుకు 2 రూపాయలు వస్తుంది. అద్దెదారుకు వేరే మీటరు పెట్టి, బిల్లు తక్కువని కాగితం మీద చూపించి, అందులో ఒక్క రూపాయి అద్దెలో కలపగలిగితే మీ 20,000 చదరపు అడుగుల మీద ఏడాదికి 2.4 లక్షలు వస్తాయి. మీ వంతు 28 లక్షల మీద అది సుమారు ఎనిమిదిన్నర శాతం, అంటే ఒక మంచి డిపాజిట్ కంటే కాస్త మెరుగు. ఇది బంగారు గని కాదు, నష్టమూ కాదు.

ఆ ఒక్క రూపాయి వస్తుందా అన్నది మీ ప్రాంతాన్ని బట్టి ఉంటుంది. మాదాపూర్‌లోనో, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనో అద్దెకు దిగే బహుళజాతి సంస్థలు గ్రీన్ సర్టిఫికెట్ (పర్యావరణహిత భవనమని ఇచ్చే పత్రం) ఉందా అని మొదటి రోజే అడుగుతాయి. మన దేశంలో మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు ఇంధన వాడకం, ఉద్గారాల వివరాలను ఏటా వెల్లడించాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ఉంది కనుక, వాటికీ ఆ సర్టిఫికెట్ ఉపయోగపడుతుంది. కొంపల్లిలో మీ దగ్గరకు వచ్చేది బ్యాంకు శాఖ, కోచింగ్ సెంటర్, డయాగ్నొస్టిక్ ల్యాబ్, బట్టల షోరూం. వీరు సర్టిఫికెట్ అడగరు, నెల బిల్లు ఎంత వస్తుందని అడుగుతారు. కాబట్టి నియమం అడిగినంత వరకు శ్రద్ధగా కట్టించండి. పైస్థాయి రేటింగ్ ఫలకం కోసం అదనంగా డబ్బు పోయమని ఎవరైనా సలహా ఇస్తే నమస్కారం పెట్టి పంపించేయండి.

ఇక 28 లక్షలు మీ పొదుపు నుంచి ఇవ్వాలా అంటే, నగదుగా ఇవ్వవద్దు. డెవలప్‌మెంట్ అగ్రిమెంట్‌లో, అంటే స్థలం ఇచ్చి భవనంలో వాటా తీసుకునే ఒప్పందంలో, చట్ట ప్రకారం అనుమతులు తెచ్చి, చట్ట ప్రకారం కట్టి ఇవ్వడం బిల్డర్ బాధ్యత. చట్టం అడిగిన పైకప్పుకు విడిగా డబ్బు అడగడం మెట్లకు విడిగా అడిగినట్టే ఉంటుంది. మొదట ఈ మాటే గట్టిగా చెప్పండి. అయినా వినకపోతే నగదుకు బదులు చోటు ఇస్తానని చెప్పండి: 7,000 రూపాయల ధరన 28 లక్షలంటే 400 చదరపు అడుగులు. అవి పోతే మీరు వదులుకునే అద్దె ఏడాదికి 2.16 లక్షలు. ఆ చోటు కూడా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనాన్ని వాడుకోవచ్చని అధికారులిచ్చే పత్రం) చేతికి వచ్చాకే వారి వాటాలో కలవాలి.

నగదు దగ్గర ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. రిజిస్టర్ చేసిన డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ అయితే మీ మూలధన లాభం మీద పన్ను భవనం పూర్తయిందని అధికారులిచ్చే కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన ఏడాదిలో పడుతుంది, ఆ రోజున మీ వాటా భవనానికి ఉన్న రిజిస్ట్రేషన్ విలువ ఆధారంగా. ఆ విలువ చదరపు అడుగుకు 4,000 రూపాయలనుకుంటే 20,000 చదరపు అడుగులకు 8 కోట్లు. మీరు బిల్డర్‌కు వదిలిన సగం స్థలం పాత విలువను అందులోంచి తీసివేసి, మిగిలిన దాని మీద పన్ను కట్టాలి. నాన్నగారి కాలం నాటి స్థలం కనుక తీసివేసేది కొంచెమే. పన్ను రేటు 12.5 శాతం, దానిపై సర్‌చార్జీ, సెస్సు. కోటి రూపాయలు దాటినా ఆశ్చర్యపోనక్కరలేదు. అప్పటికి బిల్డర్ మీ చేతికి ఇచ్చింది గోడలే గాని డబ్బు కాదు. ఇల్లు కొంటే వచ్చే మినహాయింపు దుకాణాలకు, ఆఫీసు గదులకు వర్తించదు. కనుక ఆ పన్నుకు మీరు సర్టిఫికెట్ వచ్చాక 1,500 నుంచి 2,000 చదరపు అడుగులు అమ్మవలసి రావచ్చు; అమ్మకం కుదిరేలోపు ముందస్తు పన్ను వాయిదాలకు మీ 62 లక్షలే ఆధారం. అందులోంచి దాదాపు సగం తీసి అద్దాల ముఖానికి పెట్టడం ఎలాంటిదో మీరే ఆలోచించండి. ఒప్పందం రాయకముందే చార్టర్డ్ అకౌంటెంట్‌తో ఈ లెక్కను మీ అసలు విలువలతో వేయించుకోండి. సర్టిఫికెట్ రాకముందే మీ వాటాలో ఏ భాగమూ ఎవరికీ అమ్మవద్దు. అమ్మితే పన్నును చివరి దాకా ఆపుకునే ఈ వెసులుబాటు పోతుంది.

ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఆగితే అన్నీ ఆగుతాయి: కొనేవారికి బ్యాంకు అప్పు ఇవ్వదు, పేరున్న అద్దెదారు లీజు రాయరు. ఇంధన నియమావళి పాటించినట్టు ప్లాను దశలో ఒకసారి, భవనం పూర్తయ్యాక మరోసారి రుజువు చూపించాలి. కాగితం మీద ఒకటి చూపి సైటులో వేరే అద్దం, వేరే ఏసీ బిగిస్తే రెండో దశలో బయటపడుతుంది. అందుకే ఈ నియమం పాటించకపోవడం వల్ల వచ్చే ఆలస్యం పూర్తిగా బిల్డర్‌దేనని, గడువు దాటిన ప్రతి నెలకూ మీ 20,000 చదరపు అడుగులకు 45 రూపాయల చొప్పున 9 లక్షలు చెల్లించాలని అగ్రిమెంట్‌లో రాయించండి. అద్దం, ఏసీ, పైకప్పు పొరల రకాన్ని, కొలతలను అనుబంధ పత్రంగా జతచేయించండి.

మీ బావమరిది చెప్పింది అబద్ధం కాదు. న్యూయార్క్ నగరం 2019లో చేసిన లోకల్ లా 97 ప్రకారం, 25,000 చదరపు అడుగులు దాటిన భవనాల్లో చాలావాటికి 2024 నుంచి కర్బన ఉద్గారాల పరిమితి ఉంది. దాటితే ఒక్కో టన్నుకు 268 డాలర్ల జరిమానా, 2030 నుంచి పరిమితి ఇంకా బిగుస్తుంది. అక్కడ ఎప్పుడో కట్టిన భవనం కూడా ఏటేటా లెక్క చెప్పుకోవాలి. మన నియమావళి ప్రధానంగా కొత్తగా కట్టే భవనాన్నే అడుగుతుంది. మనకూ ముందుముందు అలాంటి రోజు రావచ్చు, ఎందుకంటే 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలు సాధిస్తామని మన దేశం ప్రకటించింది, మీ భవనం అప్పటికి నిలిచే ఉంటుంది. నిలబడి ఉన్న భవనానికి అద్దాలు ఊడదీసి, పైకప్పు తవ్వి, అద్దెదారులను ఖాళీ చేయించి సరిచేయడానికి అయ్యే ఖర్చు ముందు ఈ 56 లక్షలు చిన్నవి. బావమరిది హెచ్చరికను భవనం వద్దనడానికి కాకుండా బాగా కట్టించమనడానికి కారణంగా తీసుకోండి. బిల్డర్ రెండో అంచనా ఇవ్వడానికి ఒప్పుకోకపోయినా, ఆలస్యపు షరతు రాయడానికి ఒప్పుకోకపోయినా, 1,500 గజాలు ఎక్కడికీ పోవు. ఇంకో బిల్డర్ కోసం ఏడాది ఆగండి.