గెలిచారా ఓడారా కాదు, ఎవరితో ఆడారో అడగండి

అమెరికాలో చదువుకుంటున్న పిల్లల గురించి ఏమైనా అడగండి అన్నందుకు వీసాలు, ఫీజుల మీద ప్రశ్నలు వస్తాయనుకున్నాను. తీరా చూస్తే సగం ఉత్తరాలు ఐస్ హాకీ మీద, అదీ కాలేజీ అమ్మాయిల ఐస్ హాకీ మీద! సంతోషం. సెప్టెంబరు చివర్లో మొదలై మార్చిలో ముగిసే సీజన్ కాబట్టి ఆర్నెల్ల టెన్షన్ అంతా ఒకేసారి నా మీద గుమ్మరించినట్టున్నారు.

ప్రశ్న: మా అమ్మాయి కాలేజీ టీమ్ ఈ ఏడాది ఓడిన మ్యాచ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా జాతీయ టోర్నమెంటులో చోటు దక్కలేదు. అంతకు రెట్టింపు ఓడిన టీమ్‌ను మాత్రం తీసుకున్నారు. ఇదెక్కడి న్యాయమండీ? (ఒక తండ్రి, న్యూయార్క్ రాష్ట్రం)

జవాబు: మీ కోపం అర్థమైంది గానీ, న్యాయం మీవైపు లేదనే నా అభిప్రాయం. అమెరికా కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ వాళ్ల మహిళల టోర్నమెంటులో ఉన్నవే 11 చోట్లు, 2022కి ముందైతే ఎనిమిదే. పోటీ పడేవి నలభై పైచిలుకు టీములు. కాన్ఫరెన్స్ అంటే కొన్ని కాలేజీలు కలిసి ఆడుకునే లీగ్, దాని టోర్నమెంటు గెలిచిన వాళ్లు నేరుగా వెళ్లిపోతారు, మిగిలిన సీట్లు ర్యాంకింగ్ లెక్కను బట్టి నిండుతాయి. ఆ లెక్క మీరు ఎన్ని గెలిచారన్న దాంతో ఆగదు, ఎవరిని గెలిచారు, వాళ్లు ఎవరిని గెలిచారు అన్నదాకా వెళ్తుంది. బలహీనమైన టీములను వరసపెట్టి 6-0తో కొట్టినా దక్కేది కొంచెమే.

డబ్ల్యూసీహెచ్ఏ అనే కాన్ఫరెన్స్‌నే చూడండి. విస్కాన్సిన్, మిన్నెసోటా, ఒహాయో స్టేట్, మిన్నెసోటా డులూత్ అన్నీ అందులోనే ఉన్నాయి. ఎనిమిది టీములు, ఒక్కొక్కరితో నాలుగేసి మ్యాచ్‌లు, అంటే 28. శుక్రవారం ఒకటి, శనివారం మళ్లీ అదే టీమ్‌తో ఇంకొకటి. 2001లో టోర్నమెంటు మొదలైనప్పటి నుంచి 2025 వరకు 24 టైటిళ్లు తేలితే (2020లో కోవిడ్ వల్ల జరగలేదు), 21 ఈ నాలుగు కాలేజీలవే. మిగిలిన మూడూ న్యూయార్క్ రాష్ట్రంలోని క్లార్క్‌సన్ గెలిచింది, 2014, 2017, 2018ల్లో. కాబట్టి మీ రాష్ట్రం వాళ్లకు చేతకాదని ఎవరైనా అంటే ఆ మూడేళ్లు గుర్తుచేయండి. కానీ విస్కాన్సిన్‌తో, ఒహాయో స్టేట్‌తో ఏడాదికి నాలుగేసి సార్లు తలపడి పది ఓడిన టీమ్ ఉందంటే, ఆ పది ఓటములూ ఒక పరీక్ష రాసినట్టే లెక్క. మీ వాళ్లు ఆ పరీక్షే రాయలేదు.

వచ్చే ఏడాది షెడ్యూల్ రాగానే కాన్ఫరెన్స్ బయట ఎవరితో పెట్టుకున్నారో చూడండి. అక్టోబరులో ఒక పెద్ద టీమ్ ఊరెళ్లి రెండు రోజులు ఆడి, ఒకటి 2-1తో ఓడి ఒకటి డ్రా చేసుకొచ్చినా అది మార్చిలో పనికొస్తుంది. కోచ్‌లకు ఇది తెలుసు. తెలిసీ కొందరు సులువైన షెడ్యూల్ వేసుకుంటారు, రికార్డు అందంగా కనపడుతుందని. మీ కోపం అటు చూపించండి.

ప్రశ్న: మేం ఓవర్‌టైమ్‌లో ఓడిపోయాం, అయినా పట్టికలో ఒక పాయింటు వచ్చింది. ఇంకో మ్యాచ్ షూటౌట్‌లో గెలిస్తే రికార్డులో టై అని రాశారు. ఎవరికీ తెలియకుండా మమ్మల్ని ఓదారుస్తున్నారా? (కాలేజీ విద్యార్థిని)

జవాబు: ఓదార్పు కాదులే అమ్మాయ్, రెండు వేర్వేరు ఖాతాలు. కాన్ఫరెన్స్ పట్టికలో మామూలుగా 60 నిమిషాల్లో గెలిస్తే మూడు పాయింట్లు, ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో గెలిస్తే రెండు, అక్కడ ఓడితే ఒకటి. ఓవర్‌టైమ్ ఐదు నిమిషాలే, గోల్‌కీపర్ కాక ఒక్కో జట్టుకు ముగ్గురే ఆడతారు కాబట్టి రింక్ ఖాళీగా కనపడుతుంది, ఒక్క పాస్ తప్పిందంటే గోల్. అక్కడా తేలకపోతే షూటౌట్, అంటే ఒక్కొక్కరే వచ్చి గోల్‌కీపర్ మీద గోల్ కొట్టడానికి చూడటం. అది కాన్ఫరెన్స్ పాయింట్ల కోసమే, జాతీయ రికార్డులో ఆ మ్యాచ్ టై గానే ఉండిపోతుంది.

జాతీయ టోర్నమెంటులో ఈ షార్ట్‌కట్‌లేవీ ఉండవు. ఐదుగురికి ఐదుగురు, 20 నిమిషాల పీరియడ్లు, ఎవరో ఒకరు గోల్ కొట్టేదాకా. 2007 క్వార్టర్ ఫైనల్లో విస్కాన్సిన్, హార్వర్డ్ అమ్మాయిలు 0-0 మీద మూడు ఓవర్‌టైమ్‌లు పూర్తిచేశారు. నాలుగో ఓవర్‌టైమ్‌లో విస్కాన్సిన్ గోల్ కొట్టేసరికి ఆట 127 నిమిషాల 9 సెకన్లకు చేరింది. రెండు మ్యాచ్‌ల ఆట ఒకే రాత్రి ఆడినట్టు, చివరికి స్కోరు 1-0!

ప్రశ్న: మా పాప మొదటి ఏడాది. హైస్కూల్లో ఆమే స్టార్. ఇక్కడ నాలుగో లైన్‌లో వేశారు, ఒక్కోసారి మూడో పీరియడ్ మొత్తం బెంచీ మీదే. ఫోన్‌లో ఏడుస్తోంది. కోచ్‌కి మెయిల్ రాయమంటారా, లేక వేరే కాలేజీకి మారమంటారా? (ఒక తల్లి, న్యూజెర్సీ)

జవాబు: మెయిల్ రాయకండి తల్లీ. ముందు ఆ ఒక్కటీ మానేయండి.

జరుగుతున్నదేంటంటే, ముగ్గురేసి ఫార్వర్డ్‌లతో నాలుగు లైన్లు, ఇద్దరేసి డిఫెన్స్‌తో మూడు జతలు, ఒక గోలీ (గోల్‌కీపర్). ఒక్కో షిఫ్ట్ ముప్పావు నిమిషం అటూఇటూ, ప్రాణం పెట్టి ఆడి వచ్చి కూర్చుంటారు. స్కోరు దగ్గరగా ఉంటే మూడో పీరియడ్‌లో ఏ కోచ్ అయినా బెంచీని కుదించేసి మొదటి రెండు లైన్లనే తిప్పుతారు. అందులో మీ పాప మీద కక్ష ఏమీ లేదు. పైగా ఆమె పక్కన కూర్చున్న ప్రతి అమ్మాయీ తన హైస్కూల్లో స్టారే, ఆ సంగతి ఆమెకు ఇంకా మింగుడు పడుతున్నట్టు లేదు.

మొదటి ఏడాది పిల్లలకు గోల్స్ వల్ల చోటు పెరగడం తక్కువ. పెనాల్టీ కిల్ వల్ల పెరుగుతుంది. మనవాళ్లలో ఒకరు తప్పు చేసి పెనాల్టీ బాక్స్‌లో కూర్చున్నప్పుడు ఆ రెండు నిమిషాలు నలుగురితో ఐదుగురిని ఆపాలి, షాట్‌కు అడ్డంగా పడాలి, పక్ (ఆడే రబ్బరు బిళ్ల) దొరికితే సోకులు పోకుండా అవతలి చివరికి కొట్టేయాలి. చూడ్డానికి ఏమంత బాగుండదు, హైలైట్స్‌లో రాదు, అందుకే స్టార్లకు ఇష్టం ఉండదు. కోచ్‌లు మాత్రం కాగడా పెట్టి వెతికేది సరిగ్గా ఆ పనిచేసే పిల్లల కోసమే. మీ పాపను కోచ్ దగ్గరికి తనంతట తనే వెళ్లమనండి. 'నన్నెందుకు ఆడించట్లేదు' అని కాదు, 'పెనాల్టీ కిల్‌లో చోటు రావాలంటే ప్రాక్టీసులో నేనేం మార్చుకోవాలి' అని అడగమనండి. మొదటి ప్రశ్నకు కోచ్ సర్దిచెప్పి పంపిస్తారు. రెండో ప్రశ్నకు పని చెప్పక తప్పదు.

ఇంకో మాట. డిసెంబరు ఈ పిల్లలకు చెడ్డ నెల. సీజన్ సగంలో ఉంటుంది, సెమిస్టర్ పరీక్షలు నెత్తిన పడతాయి, బస్సులో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని అసైన్‌మెంట్లు రాస్తారు. వారానికి 20 గంటలకు మించి టీమ్ పని పెట్టకూడదని, ఒక రోజు సెలవివ్వాలని ఎన్‌సీఏఏ నియమం ఉంది గానీ ప్రయాణాలు, దెబ్బలకు చేయించుకునే చికిత్స అందులో లెక్కకు రావు. ఆ ఏడుపులో హాకీ ఎంతో, నిద్రలేమి ఎంతో ముందు తేల్చుకోండి. మారడం గురించి మాత్రం సీజన్ అయ్యేదాకా మాట్లాడొద్దు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు వేయడం సులువే. కానీ వేశాక పాత కాలేజీ ఆమె స్కాలర్‌షిప్‌ను వచ్చే ఏడాదికి కొనసాగించకపోవచ్చు, కొత్త కాలేజీ దొరుకుతుందన్న హామీ ఉండదు. ఇక ఒకవేళ ఆమె గోలీ అయితే నా జవాబు వేరేగా ఉండేది. అక్కడ ఉన్న చోటు ఒక్కటే, ముందున్న అమ్మాయి రెండో ఏడాదిలో ఉండి బాగా ఆడుతోందంటే ఎదురుచూపులు తప్ప దారి లేదు.

ప్రశ్న: అమ్మాయిల హాకీలో బాడీ చెక్ నిషేధం కదా, మరి పెనాల్టీ బాక్స్ ఎప్పుడూ నిండి ఉంటుందేం? (పేరు రాయలేదు)

జవాబు: ఎదుటివాళ్లను పడేయడానికే వెళ్లి గుద్దడం కూడదు. పక్ కోసం భుజం భుజం రాసుకుంటూ తోసుకోవడం తప్పు కాదు. ఈ రెంటికీ మధ్య గీత రిఫరీ కంట్లో ఉంటుంది, అదే గొడవ. మిగతావి మామూలే, కాలికి స్టిక్ అడ్డం పెట్టడం, వెనక నుంచి కొక్కెం వేసి లాగడం, ఇలాంటివాటికి రెండేసి నిమిషాలు. ముఖమంతా కప్పే రక్షణ మాత్రం అందరికీ తప్పనిసరి.

ప్రశ్న: 2025 ఫైనల్ గురించి మా రూమ్మేట్ ఇప్పటికీ చెబుతూనే ఉంటుంది, 'పద్దెనిమిది సెకన్లు' అంటూ. అసలేం జరిగింది? (విద్యార్థిని, ఒహాయో)

జవాబు: ఒహాయోలో ఉంటూ ఇది అడిగారంటే మీ రూమ్మేట్ విస్కాన్సిన్ మనిషై ఉండాలి!

మార్చి 23, మినియాపోలిస్‌లోని రిడర్ అరీనా. ఒహాయో స్టేట్ 3-2తో ముందుంది, ఆట అయిపోవచ్చింది. గోల్ ముందు ఆటగాళ్లంతా ఒకరి మీద ఒకరు పడ్డారు, పక్ ఎక్కడుందో టీవీలో చూసేవాళ్లకైతే అర్థం కాలేదు. విస్కాన్సిన్ కోచ్ మార్క్ జాన్సన్ చాలెంజ్ చేశారు, అంటే వీడియో చూసి తేల్చమన్నారు. ఈయన 1980 ఒలింపిక్స్‌లో సోవియట్ జట్టు మీద రెండు గోల్స్ కొట్టిన మనిషి, ఒత్తిడి కొత్త కాదు. గోలీ కాని డిఫెండర్ క్రీజ్ (గోల్ ముందు గీత గీసిన చోటు) లోపల పక్‌ను చేత్తో కప్పేస్తే నిబంధన ప్రకారం పెనాల్టీ షాట్ ఇవ్వాలి. రిఫరీలు వీడియో చూశారు, చేయి కనపడింది. గడియారంలో మిగిలింది 18.9 సెకన్లు.

షాట్ ఎవరితో వేయించాలన్నది కోచ్ ఇష్టం, ఆయన కర్‌స్టెన్ సిమ్స్‌ను పంపారు. రింక్ మధ్య నుంచి ఒక్కతే, ఎదురుగా గోలీ ఒక్కతే, మిగతా అందరూ బెంచీల దగ్గర నిలబడి చూడ్డమే. కొట్టింది, 3-3. ఓవర్‌టైమ్ మొదలై మూడు నిమిషాలు కాకుండానే మళ్లీ తనే కొట్టింది. విస్కాన్సిన్‌కు ఎనిమిదో టైటిల్, సీజన్ 38 గెలుపులు, ఒక ఓటమి, రెండు టైలు. అంతకు ముందు ఏడాది ఫైనల్లో ఇదే విస్కాన్సిన్‌ను ఒహాయో స్టేట్ 1-0తో ఓడించింది, ఆ మాట కూడా మీ రూమ్మేట్‌కు వినపడేలా అనండి.

ప్రశ్న: మా చిన్నది పదేళ్లకే రింక్ వదలట్లేదు. ఏటా వేల డాలర్లు పోస్తున్నాం. కాలేజీలో స్కాలర్‌షిప్‌గా తిరిగొస్తాయా? (ఒక తండ్రి, మిషిగన్)

జవాబు: పెట్టుబడి లెక్కన చూస్తే రావు, ఇప్పుడే చెబుతున్నా. ఎన్‌సీఏఏలో కింది స్థాయి అయిన డివిజన్ త్రీ కాలేజీల్లో ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు. హార్వర్డ్, ప్రిన్స్‌టన్, కార్నెల్ లాంటి ఐవీ లీగ్ వాళ్లూ ఆటకివ్వరు, కుటుంబ ఆదాయాన్ని బట్టి సాయం చేస్తారు. మిగిలిన డివిజన్ వన్ (పై స్థాయి) కాలేజీల్లో చాలాకాలం టీమ్‌కు 18 స్కాలర్‌షిప్‌లే పరిమితి, వాటినే ముక్కలు చేసి ఎక్కువమందికి పంచేవారు. పూర్తి స్కాలర్‌షిప్ అని ఎవరైనా చెబితే ఎన్నేళ్లకు అని అడగండి.

డబ్బు కన్నా నాకు భయం వేసేది టీమ్‌లు ఎత్తేయడం చూసి. 2013లో మిన్నెసోటా అమ్మాయిలు 41 ఆడి 41 గెలిచి టైటిల్ కొట్టారు, వాళ్ల వరస విజయాలు 62 దాకా వెళ్లాయి. ఆ వరస తెంచింది నార్త్ డకోటా. మూడున్నరేళ్లు తిరగకముందే, 2017 మార్చిలో, ఖర్చు తగ్గించాలని నార్త్ డకోటా మహిళల హాకీనే ఎత్తేసింది. ఏడాది లోపలే 2018 ఒలింపిక్ ఫైనల్లో అమెరికా తరఫున కెనడా మీద స్కోరు సమం చేసింది ఆ టీమ్‌లో ఆడిన మోనిక్ లమొరూ, షూటౌట్‌లో గెలిపించింది ఆమె కవల జోస్లిన్. అంతటి వాళ్లను తయారుచేసిన టీమ్‌కే దిక్కు లేకపోయింది. రాబర్ట్ మోరిస్ కూడా 2021లో ఎత్తేసింది, కానీ అక్కడివాళ్లు ఊరుకోలేదు, విరాళాలు పోగుచేసి 2023-24లో మళ్లీ మంచు మీదకు తెచ్చారు.

మంచి మాట కూడా ఉంది. 2024 జనవరిలో అమ్మాయిల ప్రొఫెషనల్ హాకీ లీగ్ పీడబ్ల్యూహెచ్ఎల్ మొదలయ్యాక కాలేజీ తర్వాత ఏంటన్న ప్రశ్నకు జీతంతో కూడిన జవాబు దొరికింది. ఆరు టీములతో మొదలై 2025లో ఎనిమిదైంది. అయినా అందులో చోటు దక్కేది కొద్దిమందికే. పాపకు ఆట ఇష్టమైతే ఆడించండి, డబ్బు తిరిగిరాదన్న లెక్కతోనే ఆడించండి.

ప్రశ్న: వచ్చే సీజన్‌లో మొదటిసారి స్టేడియానికి వెళ్దామనుకుంటున్నాం. టీవీలో పక్ అసలు కనపడదు, అక్కడైనా కనపడుతుందా? (దంపతులు, మాడిసన్)

జవాబు: మూడంగుళాల రబ్బరు బిళ్ల, కనపడకపోవడం మీ తప్పు కాదు. గాజు గోడ పక్కన సీటు తీసుకోకండి, చప్పుడు బాగుంటుంది గానీ అవతలి సగం తెలియదు. కాస్త పైన, మూలకు కూర్చోండి. పక్‌ను వెతకడం మానేసి ఆటగాళ్లు ఎటు తిరుగుతున్నారో చూడండి, రెండో పీరియడ్‌కల్లా కన్ను అలవాటు పడుతుంది. మీ ఊళ్లో లబాన్ అరీనా రెండు వేల పైచిలుకు సీట్లే, పెద్ద టీమ్‌తో మ్యాచ్ అంటే టికెట్లు ముందే అయిపోతాయి. ఒహాయో స్టేట్ వచ్చే వారాంతం ఎప్పుడో చూసుకుని శుక్రవారం, శనివారం రెండు రోజులకూ కలిపి కొనండి. మొదటి రోజు ఓడినవాళ్లు రెండో రోజు ఎలా ఆడతారన్నదే అసలు చూడాల్సింది. స్వెట్టర్ మర్చిపోకండి, లోపలా చలే.