డయాలసిస్‌లో ఉన్న మావారికి మతిమరుపు.. డాక్టర్‌కి చెబితే కిడ్నీ మార్పిడి ఆగిపోతుందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. మావారికి 46 ఏళ్లు. రెండేళ్లుగా సోంపేటలో వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నారు. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించి కిడ్నీ కోసం ఎదురుచూస్తున్నాం. ఈ మధ్య వేసుకున్న మాత్రే మళ్లీ వేసుకుంటున్నారు. కొబ్బరికాయల లెక్క నోటితోనే చెప్పేసే మనిషి, ఇప్పుడు కాగితం మీద కూడా తప్పుతున్నారు. కాళ్ల మంటలకు మందుల షాపులో ఇచ్చిన మాత్రలు వాడుతున్నారు. మతిమరుపు సంగతి డాక్టర్‌కి చెబితే మార్పిడికి పనికిరారంటారేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: చెప్పండమ్మా, తప్పకుండా చెప్పండి. మతిమరుపు ఉందని చెప్పగానే పేరు తీసేయరు. ముందు అది ఎందుకు వచ్చిందో చూస్తారు. దాచడం వల్లే నష్టం ఎక్కువ. మార్పిడి అయ్యాక టాక్రోలిమస్ లాంటి మందులు వేళ తప్పకుండా, కొత్త కిడ్నీ పనిచేసినన్నాళ్లూ వేసుకోవాలి. అవి మరిచిపోతే ఎంతో ఎదురుచూసి తెచ్చుకున్న కిడ్నీని శరీరమే దెబ్బతీస్తుంది. ఇంట్లో మందులు ఎవరు చూసుకుంటారన్నది ముందే తేలాలి.

మీవారిది నిర్లక్ష్యమూ కాదు, చాదస్తమూ కాదు. కిడ్నీలు పూర్తిగా దెబ్బతిన్నవాళ్లలో చాలామందికి ఈ ఇబ్బంది ఉంటుంది. తరచూ ధ్యాస నిలవకపోవడం, లెక్క తప్పడం, పనులు వరసగా చేసుకోలేకపోవడం ముందు కనిపిస్తాయి. మీ ఉద్దానం ప్రాంతంలో చాలామందికి షుగర్ లేకుండానే కిడ్నీలు పాడవుతున్నాయి కాబట్టి, ‘మాకు షుగర్ లేదు కదా, మెదడుకేం కాదు’ అనుకుంటారు. కానీ షుగర్ లేకపోయినా రక్తంలో పేరుకునే వ్యర్థాలు, రక్తహీనత, అదుపులేని బీపీ, నిద్రలేమి.. వీటిలో ఏదైనా మెదడును మందగింపజేయగలదు.

మీ ఉత్తరం చదివాక నా మొదటి అనుమానం ఆ కాళ్ల మంటల మాత్రల మీదే. వీటికి ఎక్కువగా ఇచ్చే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. కిడ్నీలు పనిచేయనివాళ్లకు మామూలు డోసు ఇస్తే మందు ఒంట్లోనే నిలిచిపోయి మత్తు, తికమక, తూలడం మొదలవుతాయి. నొప్పికి వాడే ట్రమడాల్, కండరాల పట్టుకి ఇచ్చే బాక్లోఫెన్, నిద్రమాత్రలు, దురద మాత్రలతోనూ ఈ ప్రమాదం ఉంది. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని ఈ వారంలోనే మీ కిడ్నీ డాక్టర్‌కి చూపించండి. ఆయన చెప్పకుండా ఒక్కసారిగా ఆపేయొద్దు. షాపులో అడిగి కొనడం మాత్రం ఇకపై మానేయండి.

తర్వాత డయాలసిస్ సంగతి. సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు అవసరమవుతుంది. మీవారికి రెండు సరిపోతున్నాయో లేదో అడగండి. బస్సు పోతుందని అరగంట ముందే లేచి వచ్చేస్తుంటే అదీ దాచకండి. ఒక డయాలసిస్‌కీ ఇంకో డయాలసిస్‌కీ మధ్యలో నీళ్లు ఎక్కువ తాగి బరువు పెరిగితే, ఆ నీరంతా ఒక్కసారే లాగాల్సి వస్తుంది. అప్పుడు బీపీ పడిపోయి మెదడుకు రక్తం తగ్గుతుంది. హిమోగ్లోబిన్, సోడియం, కాల్షియం, బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించమనండి. దిగులుగా ఉంటున్నారా, నిద్రలో బాగా గురక పెడుతున్నారా అన్నదీ చెప్పండి. రెండింటికీ వైద్యం ఉంది.

డయాలసిస్ అయిన రోజు మనిషి నీరసించి ఉంటారు. మార్పిడి కాగితాలు, డబ్బు విషయాలు మర్నాడు పొద్దున మాట్లాడండి. మాత్రలు పూటల వారీగా గళ్ల డబ్బాలో సర్ది, ఇంట్లో ఒక్కరే బాధ్యత తీసుకోండి. తోట లెక్కలు ఆయన్నే చూడనివ్వండి, పక్కన ఒకరు సరిచూస్తే చాలు. నలుగురి ముందు తప్పులు ఎత్తిచూపొద్దు, అది ఆయన్ని ఇంకా కుంగదీస్తుంది. మార్పిడి తర్వాత చాలామందిలో చురుకుదనం మెరుగవుతుంది. అందరికీ పూర్తిగా పాత స్థితి వస్తుందని మాత్రం చెప్పలేను.

ఉన్నట్టుండి మాట తడబడినా, ఒక చేయీ కాలూ పట్టు తప్పినా, ఫిట్స్ వచ్చినా, లేపితే లేవనంత మత్తుగా ఉన్నా, జ్వరంతో పాటు తికమక కనిపించినా డయాలసిస్ రోజు వచ్చేదాకా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.