యాంటీవైరస్ కొనే ముందు కంప్యూటర్‌లో ఈ ఒక్కచోట చూడండి

ఏం వెతికినా బ్రౌజర్ ఏదో తెలియని పేజీకి పోతోంది, స్పైవేర్ (మనకు తెలియకుండా మన సమాచారం దొంగిలించే ప్రోగ్రాము) పడిందంటున్నారు, డబ్బు పెట్టి యాంటీవైరస్ కొనాలా అని అడిగారు కదా. ఇప్పుడే కొనకండి. విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్ అనే యాంటీవైరస్ ఇంటి వాడకానికి సరిపోతుంది. కాకపోతే దాని కళ్లకు ఎవరైనా గంతలు కట్టారేమో ముందు చూడాలి. నాకు జరిగింది అదే.

మాది అనంతపురం, ఇంట్లోనే డీటీపీ పని చేస్తాను. మాఘమాసం ముహూర్తాలప్పుడు పెండ్లి పత్రికల పని ఒక్కసారిగా మీద పడింది. నేను ఇచ్చే ప్రెస్‌లో యూనికోడ్ (ఫోన్లలో, వెబ్‌లో వాడే తెలుగు) తీసుకోరు, పాత ఫాంట్‌లోనే కావాలంటారు. కొత్తగా కొన్న సిస్టమ్‌లో ఆ టైపింగ్ సాఫ్ట్‌వేర్ లేదు. కొనాల్సింది, కొనలేదు. ఒక వీడియో కింద ఉన్న లింకు నుంచి క్రాక్, అంటే డబ్బు కట్టకుండా వాడుకునేలా చేసిన దొంగ కాపీ, దించుకున్నాను. జిప్ ఫైలు, దానికి పాస్‌వర్డ్ 1234 అని అక్కడే రాసి ఉంది. ముందు యాంటీవైరస్ ఆపండి, లేకపోతే ఇన్‌స్టాల్ కాదు అని వీడియోలో చెప్తుంటే ఆపేశాను, అడ్మిన్ అనుమతి అడిగితే యెస్ నొక్కాను. నల్లటి కిటికీ ఒకటి తెర మీద మెరిసి మాయమైంది, అంతే. సాఫ్ట్‌వేర్ బాగానే పని చేసింది, పత్రికలు అచ్చుకు పోయాయి, ఆ సంగతి నేను మర్చిపోయాను.

జిప్‌కు పాస్‌వర్డ్ ఎందుకు పెడతారో తర్వాత తెలిసింది. అది ఉంటే లోపల ఏముందో స్కానర్ చూడలేదు. పాస్‌వర్డ్ జిప్పు, యాంటీవైరస్ ఆపమనే మాట, ఈ రెండూ ఒకేచోట కనిపిస్తే అక్కడితో వదిలేయండి.

మూడో రోజు పొద్దున ఒక కస్టమర్ ఫోన్. "అన్నా, నీ మెయిల్ నుంచి ఏందో ఫైలొచ్చింది, ఓపెన్ చేయాల్నా?" నేనేమీ పంపలేదు. వెంటనే మెయిల్ పాస్‌వర్డ్ మార్చాను, అదే కంప్యూటర్‌లో కూర్చుని. రెండు రోజులకు మళ్లీ అదే కథ. రెండంచెల భద్రత పెట్టుకున్నాను, ఓటీపీ నా ఫోన్‌కే వస్తుంది, అయినా ఎట్లా లోపలికి పోతున్నారని టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర లేదు.

అసలు సంగతి ఏమంటే, ఈ రకం స్పైవేర్‌ను స్టీలర్ అంటారు, అది బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్లతో పాటు కుకీలను కూడా ఊడ్చుకుపోతుంది. మనం ఒకసారి లాగిన్ అయ్యాక మళ్లీ మళ్లీ అడగకుండా సైటు ఇచ్చే గేట్‌పాస్ లాంటిది కుకీ. అది చేతికి చిక్కితే వాడికి పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ కూడా అక్కర్లేదు. ఇది ఎక్కడో ఒకరిద్దరికి వచ్చే తంటా కూడా కాదు. 2025 మేలో లుమ్మా అనే స్టీలర్ నెట్‌వర్క్‌ను పడగొట్టినప్పుడు మైక్రోసాఫ్ట్ చెప్పిన లెక్క ప్రకారం రెండు నెలల్లో 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లలో అది దొరికింది.

డిఫెండర్‌తో స్కాన్ చేస్తే ఏమీ లేదని వచ్చింది. అప్పుడు ఒక స్నేహితుడు చెప్పిన చోట చూశాను, మీరూ ఇప్పుడు అక్కడే చూడండి. స్టార్ట్‌లో విండోస్ సెక్యూరిటీ అని టైప్ చేసి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లోకి పోయి, మేనేజ్ సెట్టింగ్స్ నొక్కి కిందికి వస్తే ఎక్స్‌క్లూజన్స్ అని ఉంటుంది. ఇక్కడ ఉన్నవాటి జోలికి పోవద్దని డిఫెండర్‌కు చెప్పే జాబితా అది. ఇంటి కంప్యూటర్‌లో ఖాళీగా ఉండాలి. నా దాంట్లో ఒకే ఒక్క వరుస ఉంది, సి డ్రైవ్. డ్రైవ్ మొత్తం! నేను యెస్ నొక్కిన ఆ క్షణంలో క్రాక్ చేసిన పని అది. దాన్ని తీసేసి ఫుల్ స్కాన్ పెడితే దొంగలు వరుసగా బయటపడ్డారు.

దొరికినవి తీసేసినా నాకు నమ్మకం కుదరలేదు, మీరూ నమ్మొద్దని చెప్తాను. పత్రికల ఫైళ్లు, ఫొటోలు మాత్రం పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని (ఇన్‌స్టాల్ చేసే ఫైలు ఒక్కటి కూడా తీసుకోలేదు), వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైటు నుంచే విండోస్ దించుకుని, డిస్క్ మొత్తం చెరిపేసి కొత్తగా వేశాను. ఒక సాయంత్రం పని. పాస్‌వర్డ్లు మాత్రం అంతవరకూ ఆగకుండా ఫోన్ నుంచే మార్చాను, అన్నిటికన్నా ముందు మెయిల్‌ది, ఎందుకంటే మిగతా వాటి తాళాలన్నీ అక్కడే ఉంటాయి. మార్చాక అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ అనేది కూడా నొక్కాలి, అప్పుడే వాడి చేతిలోని పాత గేట్‌పాస్ చెల్లకుండా పోతుంది.

నాకు ఇప్పటికీ బాధగా ఉన్నది డౌన్‌లోడ్స్ ఫోల్డర్ గురించి. దరఖాస్తులు నింపమని జనం పంపిన ఆధార్ కాపీలు అందులో ఉండిపోయాయి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాను, ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోమన్నాను. ఇప్పుడు పని అయిన రోజే అవి తీసేస్తున్నాను.

మీ సమస్య నా అంత ముదిరి ఉండకపోవచ్చు. సెర్చ్ పేజీ మారడం ఎక్కువగా ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాముల) పని. బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్ల జాబితా తెరిచి, మీరు పెట్టుకోనివీ, అన్ని సైట్లలో డేటా చదవడానికి అనుమతి ఉన్నవీ తీసేయండి. క్రోమ్ మెనూ అడుగున మీ సంస్థ నిర్వహిస్తోంది అని కనిపిస్తే, అది ఆఫీసు కంప్యూటర్ కాకపోతే, అనుమానించాల్సిందే. విండోస్ సెక్యూరిటీలోనే యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌లో అనవసర యాప్‌లను ఆపే మీట ఉంటుంది, ఆన్ చేయండి. రోజువారీ పనికి అడ్మిన్ కాని మామూలు అకౌంట్ పెట్టుకోండి, పిల్లలు వాడే కంప్యూటర్ అయితే తప్పకుండా. ఫైలు పేరులో చివరి అక్షరాలు విండోస్ దాచేస్తుంది, ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ కింద అవి కనిపించేలా చేస్తే, పీడీఎఫ్ వేషంలో వచ్చిన ఈఎక్స్‌ఈ ఫైలు (నొక్కగానే నడిచే ప్రోగ్రాము) అక్కడికక్కడే దొరికిపోతుంది. మీది విండోస్ 10 అయితే 2025 అక్టోబర్ 14తో మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి, 11కు మారండి, లేదా పొడిగింపు అప్‌డేట్లకు నమోదు చేసుకోండి.

తెలుగు టైపింగ్ కోసమే అయితే క్రాక్ అవసరమే లేదు, 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్ 10లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. ప్రెస్ కోసం కావాల్సిన సాఫ్ట్‌వేర్ తర్వాత డబ్బు కట్టి కొనుక్కున్నాను.

ఖాతాలోంచి డబ్బు పోయి ఉంటే ఇవన్నీ పక్కన పెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తర్వాత బ్యాంకుకు. లేకపోతే ఎక్స్‌క్లూజన్స్‌లో ఏం కనిపించిందో అది ఉన్నది ఉన్నట్టు రాయండి, చూసి చెప్తాను. అంతవరకూ ఆ కంప్యూటర్‌లో బ్యాంకు సైటు మాత్రం తెరవొద్దు.