ఇంజిన్ వదిలే గాలి కారును నేలకు అదుముతుందా? పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఫార్ములా వన్‌లో ఒకప్పుడు ఎగ్జాస్ట్‌ను కారు వెనక అడుగుభాగంలోకి ఊదేవారట. ఆ గాలి రాకెట్‌లా తోస్తుందా? కారు పట్టుకూ దానికీ ఏమిటి సంబంధం? (ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్)

జవాబు: తోసే బలం చాలా తక్కువ. లెక్క వేసి చూడండి. 2011 నాటి 2.4 లీటర్ల వీ8 ఇంజిన్ నిమిషానికి 18,000 చుట్లు తిరిగేది. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకోసారి సిలిండర్లు నిండుతాయి, అంటే సెకనుకు సుమారు 360 లీటర్ల గాలి. గొట్టం చివర 600 డిగ్రీల సెల్సియస్ వేడి ఉందనుకుంటే ఆ గాలి మూడింతలు ఉబ్బి వెయ్యి లీటర్లు దాటుతుంది. 75 మి.మీ. గొట్టాలు రెండైతే సెకనుకు 120 మీటర్ల వేగంతో బయటపడుతుంది. ఇంతా కలిపి తోపు ఐదు కిలోల బరువుకు సమానం, అంతే. అసలు లాభమంతా ఆ గాలిని ఎక్కడ వదులుతామన్న దానిలో ఉంది.

కారు అడుగున, వెనక చివర పైకి లేచే వాలును డిఫ్యూజర్ అంటారు. నేలకూ కారుకూ మధ్య ఇరుకులో వేగంగా వచ్చిన గాలి అక్కడ విశాలమై నెమ్మదిస్తుంది. దానివల్ల ముందున్న ఇరుకులో పీడనం పడిపోయి, పైనున్న గాలి కారును కిందికి నొక్కుతుంది. ఈ నొక్కే బలమే డౌన్‌ఫోర్స్. దీన్ని చెడగొట్టేది వెనక టైరు. టైరు రోడ్డుకు ఆనేచోట గాలి నలిగి పక్కలకు చిమ్ముతుంది. లోపలి వైపు చిమ్మిన గాలి డిఫ్యూజర్ అంచులోకి చొరబడి ప్రవాహాన్ని విరగ్గొడుతుంది. 2011లో రెడ్‌బుల్ ఆర్‌బీ7 తన ఎగ్జాస్ట్‌ను సరిగ్గా ఆ సందులోకి, టైరుకూ డిఫ్యూజర్‌కూ మధ్యకు వదిలింది. వేడి గాలి అక్కడ తెరలా నిలిచింది. ఆ ఏడాది నిబంధనలు డిఫ్యూజర్ ఎత్తును 175 నుంచి 125 మి.మీ.కు తగ్గించాయి. అయినా అంచులు మూసుకున్నాయి కాబట్టి కారు తోకను బాగా ఎత్తి నడపగలిగారు, మొత్తం అడుగుభాగమే పెద్ద డిఫ్యూజర్‌లా పనిచేసింది.

ఆలోచన మాత్రం అంతకు చాలా ముందుది. 1983లోనే రెనో ఆర్ఈ40 డిఫ్యూజర్‌లోకి ఎగ్జాస్ట్ ఊదింది. 2010లో రెడ్‌బుల్ డిజైనర్ ఆడ్రియన్ న్యూయీ ఆర్‌బీ6 కారుతో దాన్ని మళ్లీ తెచ్చినప్పుడు, టెస్టుల్లో ఇతర జట్ల చూపు తప్పించడానికి కారు మీద పాతచోట ఎగ్జాస్ట్ రంధ్రం బొమ్మను స్టిక్కర్‌గా అంటించారు.

ప్రశ్న: మలుపులో డ్రైవర్ యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే గాలి ఆగిపోదా? (హైదరాబాద్)

జవాబు: ఆగిపోతుంది. ఈ పద్ధతికున్న పెద్ద జబ్బు ఇదే. పట్టు ఎక్కువ కావలసిన క్షణంలోనే వెనక డౌన్‌ఫోర్స్ పడిపోయి కారు తోక జారుతుంది. 1998లో ఫెరారీ ఎఫ్300 ఎగ్జాస్ట్‌ను డిఫ్యూజర్ నుంచి తప్పించి పైకి తీసింది, ఇతర జట్లూ అదే దారి పట్టాయి.

2011 నాటికి ఇంజిన్ కంప్యూటర్‌తో దీనికి మందు కనిపెట్టారు. పెడల్ వదిలినా థ్రాటిల్‌ను, అంటే ఇంజిన్‌లోకి గాలిని వదిలే మూతను, తెరిచే ఉంచుతారు. ఇంధనం ఆపేస్తే సిలిండర్లు వట్టి గాలిని పంపు చేస్తాయి, ఇది ‘కోల్డ్ బ్లోయింగ్’. కొంత ఇంధనం పోసి స్పార్క్‌ను బాగా ఆలస్యం చేస్తే, ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకున్నా మంట సాగుతూనే ఉంటుంది. చక్రాలకు టార్క్ (తిప్పే బలం) అందదు, గొట్టంలోకి వేడి, వేగం అందుతాయి. ఇది ‘హాట్ బ్లోయింగ్’. దీనికి మూల్యం ఉంది: ఎక్కువ ఇంధనం మోయాలి, వాల్వులూ గొట్టాలూ మాడతాయి.

ఆ ఏడాది సిల్వర్‌స్టోన్ రేసులో, కాలు తీసినప్పుడు థ్రాటిల్ 10 శాతానికి మించరాదని అడ్డుకట్ట వేశారు. జట్ల మధ్య పెద్ద గొడవ జరిగి, తర్వాతి రేసుకే ఎత్తేశారు.

రెనో ఆర్31 మరో దారి పట్టి గొట్టాలను సైడ్‌పాడ్ల (కారు రెండు పక్కలా ఉండే ఉబ్బు భాగాల) ముందుభాగం నుంచే బయటికి తీసింది. వేడి గొట్టం కారు పక్క పొడవునా సాగితే ఏమవుతుందో 2011 హంగరీలో తెలిసింది. పిట్ స్టాప్ తర్వాత నిక్ హైడ్‌ఫెల్డ్ కారు అంటుకుంది.

ప్రశ్న: ఇప్పుడూ ఉందా? (గుంటూరు)

జవాబు: ఆ రూపంలో లేదు. 2012లో గొట్టం చివరను పైకి, 10 నుంచి 30 డిగ్రీల వాలులో పెట్టాలన్నారు. జట్లు సైడ్‌పాడ్‌కు ఉబ్బు చేసి, గాలి దాని ఒంపును అంటుకుని కిందికి దిగేలా మలచుకున్నాయి. 2014లో ఒకే గొట్టం, కారు మధ్యలో అన్నారు, దాంతో కథ ముగిసింది. 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరుగెత్తిన ఫార్ములా ఈ కార్లు కరెంటువి, వాటికి ఎగ్జాస్టే లేదు.

ప్రశ్న: మా కాలేజీ జట్టు కారుకు 373 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజిన్. డిఫ్యూజర్‌లోకి ఊదమంటారా? (కాకినాడ)

జవాబు: వద్దు. 9,000 చుట్ల దగ్గర మీ ఇంజిన్ పీల్చేది సెకనుకు 28 లీటర్లే, పైన చెప్పిన వీ8లో పదమూడో వంతు. అదీ థ్రాటిల్ పూర్తిగా తెరిస్తేనే, పోటీ నిబంధన ప్రకారం గాలి దారిలో పెట్టే 20 మి.మీ. ఇరుకు రంధ్రం, అంటే రెస్ట్రిక్టర్, దాన్ని ఇంకా కోస్తుంది. మలుపుల్లో మీరు సగం థ్రాటిల్ కూడా వాడరు. పైగా సింగిల్ సిలిండర్ గాలి ధారగా కాక విడివిడి దెబ్బలుగా వస్తుంది, తెరలా నిలవదు.

లాభం ఉన్నా కొలవడం కష్టం. వెనక ఒక్కో చక్రం దగ్గర స్ప్రింగ్ బిగువు మి.మీ.కు 25 న్యూటన్లు అనుకోండి. వెనక 50 న్యూటన్ల డౌన్‌ఫోర్స్ పెరిగితే సస్పెన్షన్ దిగేది ఒక్క మిల్లీమీటరే, రోడ్డు గతుకులే అంతకన్నా ఎక్కువ. నిబంధనల చిక్కూ ఉంది: కారు కింది గాలిని యంత్రంతో కదిలించడాన్ని విద్యార్థి పోటీలు నిషేధిస్తాయి. ఎగ్జాస్ట్ దాని కిందికి వస్తుందో రాదో, డిజైన్ మొదలుపెట్టకముందే నిర్వాహకులకు రాసి అడగండి.

ఆ శ్రమను అడుగుపలక పక్క అంచులు నేలకు దగ్గరగా మూయడంలో పెట్టండి, ఫలితం తప్పక కనిపిస్తుంది. గొట్టాన్ని మాత్రం అడుగుపలకకు కనీసం 50 మి.మీ. దూరంలో నడపండి. గది వేడిలో ఆరబెట్టిన ఎపాక్సీ 60–80 డిగ్రీలకే మెత్తబడుతుంది, డిఫ్యూజర్ వంగినా ట్రాక్ మీద మీకు తెలియదు. గొట్టం పక్కనున్న భాగానికి వేడిని తిప్పికొట్టే టేప్ అంటించి, లోపలి వైపు ఉష్ణోగ్రత స్టిక్కర్లు పెట్టండి. గొట్టానికి చుట్టిన హీట్ ర్యాప్ మీద ఆయిల్ కారనివ్వకండి. తడిసిన ర్యాప్ అంటుకుంటుంది, వెంటనే మార్చేయండి.