కీళ్లవాతం, టార్గెట్ల ఉద్యోగం: ఈ నెలాఖరుకే రాజీనామా ఇవ్వాలా?

చెల్లీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మిర్యాలగూడలో మైక్రోఫైనాన్స్ కలెక్షన్ పని, జీతం 18,500, ఇద్దరు పిల్లలు. 3 నెలల కిందట రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలింది, మెథోట్రెక్సేట్ మాత్ర మొదలుపెట్టి 5 వారాలైంది. అప్పు వాయిదాలు వసూలు చేసే పొద్దున 7 గంటల సెంటర్ మీటింగుకు పోవాలంటే బండి హ్యాండిల్ చేతికి పట్టడం లేదు, బ్రాంచి నుంచి ఫోన్ వస్తే గుండె దడదడలాడుతోంది. ఈ నెలాఖరుకు రాజీనామా ఇచ్చేయాలా అని అడిగావు.

నాదీ అదే జబ్బు. నేనూ ఉద్యోగం వదిలాను, అందుకు బాధపడటం లేదు. అయినా నీకు చెప్పేది ఒకటే: ఈ నెల రాజీనామా ఇవ్వకు, సెలవు పెట్టు. ఎందుకో నా సంగతి చెబితే అర్థమవుతుంది.

2018 జూన్‌లో చౌటుప్పల్ దగ్గర ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్‌లో చేరాను. స్ట్రిప్పులు లెక్కపెట్టి డబ్బాల్లో పెట్టడం, డబ్బాలను కార్టన్లలో సర్దడం. ఒక వారం పొద్దున 6 గంటల ఏ షిఫ్టు, ఇంకో వారం మధ్యాహ్నం 2 గంటల బీ షిఫ్టు. 2021 చలికాలంలో వేళ్లు బిగుసుకుపోవడం మొదలైంది. మా పుట్టిల్లు మర్రిగూడ మండలం. ఒళ్లు నొప్పులంటే మా దగ్గర ముందు వినపడే మాట ఫ్లోరైడ్. మా తాత పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వచ్చేది. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తున్నా ఆ భయం మా ఇళ్లలోంచి పోలేదు. అమ్మ, అత్తమ్మ, నేను కూడా, చిన్నప్పుడు తాగిన బోరు నీళ్ల వల్లే అనుకున్నాం. 7 నెలలు మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొనుక్కుని మింగుతూ డ్యూటీకి పోయాను.

2022 ఆగస్టులో ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే రక్త పరీక్షలు చేశాక అసలు సంగతి బయటపడింది. ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌లో ఎముకలు ఏళ్ల తరబడి గట్టిపడుతూ వస్తాయి. ఇది అది కాదు, ఒంటిని కాపాడాల్సిన వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తోందని డాక్టరు చెప్పారు. వేళ్ల కణుపులు వేడెక్కి ఉబ్బడం, పొద్దున గంటకు పైగా చెయ్యి ముడుచుకోకపోవడం దీని గుర్తులట. ఆ 7 నెలల్లో నా కుడిచేతి ఉంగరం వేలు వంగింది, మళ్లీ సరి కాలేదు. అందుకే ఓర్చుకో, అదే పోతుంది అని నేను ఎవరికీ చెప్పను.

కానీ మెథోట్రెక్సేట్ సంగతి గుర్తుంచుకో. ఈ మందు ప్రభావం కనపడటానికి మామూలుగా 6 నుంచి 12 వారాలు పడుతుంది. నువ్వు ఇంకా 5వ వారంలోనే ఉన్నావు. ఈ రోజు బండి పట్టలేని చేతులు మందు ఇంకా అందని చేతులు. వాటిని చూసుకుని పదేళ్ల సంపాదన గురించి నిర్ణయం తీసుకోవద్దు. ఇంకో మాట, అడక్కపోయినా చెబుతున్నాను: ఈ మాత్ర వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. నేను స్ట్రిప్పు మీద పెన్నుతో ఆదివారం అని రాసుకుంటాను. రక్త పరీక్షలు ఎన్నాళ్లకు చేయించమంటే అన్నాళ్లకు చేయించు.

సెలవు పెడితే జీతం పోతుందని నీ భయం. నీ పే స్లిప్‌లో ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కోత ఉందేమో చూడు. ఉద్యోగి వాటా 0.75 శాతం, అంటే 18,500కు 139 రూపాయలు. జీతం 21,000 దాటని వాళ్లకు అది ఉండాలి. ఉంటే, ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ మీద తీసుకునే సెలవుకు రోజు జీతంలో 70 శాతం నీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తారు. దానికి ముందు లెక్కలోకి వచ్చే 6 నెలల్లో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలి. మొదటి 2 రోజులకు డబ్బు రాదు. నేను 2022 నవంబరులో 6 వారాలు తీసుకున్నాను, రోజుకు 400 లెక్కన వచ్చింది. ఇల్లు గడిచింది, చిట్టీ మాత్రం ఆపేశాం. రాజీనామా ఇచ్చాక ఇలా సెలవు అడగడానికి ఉద్యోగమే ఉండదు కదా.

ఆ 6 వారాల్లో నాకు తెలిసిందే నీకు ముఖ్యంగా చెప్పాలనుకుంటున్నాను. నేను రోజూ చిన్న నోట్‌బుక్‌లో రాసుకున్నాను: ఎన్ని గంటలకు పిడికిలి ముడుచుకుంది, రాత్రి నిద్ర పట్టిందా, దేని గురించి టెన్షన్ పడ్డాను. మూడో వారానికి లెక్క తేలింది. పొద్దున 5కు నా చేతులు కర్రల్లా ఉంటాయి. వేడినీళ్లలో పెట్టి, కాసేపు కదిలిస్తే 8:30కు మామూలవుతాయి. ఆ తర్వాత సాయంత్రం దాకా స్ట్రిప్పులు లెక్కపెట్టడం నాకు కష్టమేమీ కాదు. అంటే నా ఒంటికి పడనిది ప్యాకింగ్ పని కాదు, ఏ షిఫ్టు. అంతవరకు ‘ఉద్యోగం చంపుతోంది’ అని ఒక్కముక్కలో అనుకునేదాన్ని.

డాక్టరు చేత ఉత్తరం రాయించి, పొద్దెక్కాక మొదలయ్యే జనరల్ షిఫ్టు అడిగాను. రెండు నెలలు ఇచ్చారు. 2023 మార్చిలో మళ్లీ ఏ షిఫ్టులో వేశారు. సూపర్‌వైజర్ అందరి ముందు, చేతకాకపోతే ఇంట్లో కూర్చోవచ్చు కదా అన్నాడు. ఆ రాత్రే రాజీనామా రాశాను. మా లైనులో పెద్దావిడ ఒకామె కాగితం లాక్కుని, నీకు అయిదేళ్లు నిండటానికి ఇంకా మూడు నెలలుంది, గ్రాట్యుటీ వదులుకుంటావా అంది. తన బీ షిఫ్టు నాకిచ్చి నా ఏ షిఫ్టు తను చేసింది. ఆమె లేకపోతే అన్నాళ్లు నిలబడేదాన్ని కాదు. గ్రాట్యుటీ అంటే మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు, ఏడాదికి 15 రోజుల జీతం, నెలను 26 రోజులుగా లెక్కకడతారు. నా బేసిక్ 11,000 మీద 5 ఏళ్లకు సుమారు 31,700 వచ్చింది.

సెప్టెంబరు నెలంతా పనిచేసి 2023 అక్టోబరు మొదట్లో మానేశాను. దానికీ కారణం ఉంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు కట్టిన ఈఎస్ఐ చందాకు తర్వాతి జనవరి నుంచి జూన్ వరకు వైద్యం అందుతుంది. కాబట్టి మానేశాక కూడా 2024 జూన్ దాకా నా మందులు ఆగలేదు.

ఇప్పుడు ఒక మెడికల్ షాపులో బిల్లింగ్ చేస్తున్నాను, 9:30కు మొదలు, జీతం 11,000. ఈఎస్ఐ లేదు. పాత జీతంతో 6 వేల తేడా మా ఇంట్లో ప్రతి నెలా తెలుస్తుంది. కొడుకును స్కూలు వ్యాను మాన్పించి మా ఆయన దింపుతున్నాడు. వేళ్లు మాత్రం వాయడం లేదు.

నీ విషయంలో 7 గంటల మీటింగు, బండి మీద తిరుగుడు, ఫోన్లు, ఈ మూడూ వేరువేరు బాధలు. చేతులు కుదుటపడితే మొదటి రెండూ తగ్గొచ్చు. బ్రాంచిలో కూర్చుని చేసే పని ఉందేమో డాక్టరు ఉత్తరంతో, రాతపూర్వకంగా అడుగు. సెలవులో ఉండగా ఫోన్ మోగినా అదే దడ ఉంటే, అది కీళ్ల మందుకు తగ్గేది కాదు. డాక్టరుకు అది కూడా చెప్పు, మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను టెలీ మానస్ 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. 12 వారాలయ్యాక కూడా వాపులు తగ్గక, కీళ్లు దెబ్బతింటున్నాయని డాక్టరు అంటే, లేదా కూర్చునే పని ఇచ్చేది లేదని బ్రాంచి వాళ్లు తెగేసి చెబితే, అప్పుడు వదిలెయ్. గ్రాట్యుటీ కోసం వేళ్లు పోగొట్టుకోవద్దు.

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో కీళ్లవాతం చూసే రుమటాలజీ విభాగం ఉంది, ఒకసారి అక్కడ చూపించుకో. మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ బస్సు చౌటుప్పల్ మీదుగానే పోతుంది. ముందు రోజు చెబితే నా చెకప్ కూడా అదే రోజు పెట్టుకుంటాను. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి పంజాగుట్టలో దిగుదాం. నీ పాత రిపోర్టులన్నీ తెచ్చుకో, పే స్లిప్పులు కూడా.