సూపర్‌మ్యాన్ చరిత్ర రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి,

నీ వ్యాసం చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. భాష హాయిగా సాగింది. అయితే మొదటి పేరాలోనే ఆగిపోవాల్సి వచ్చింది. "క్రిప్టాన్ గ్రహం నుంచి వచ్చి, ఆకాశంలో ఎగురుతూ, క్రిప్టోనైట్‌కి తప్ప దేనికీ లొంగని సూపర్‌మ్యాన్ 1938లో పుట్టాడు" అని రాశావు. అందులో మూడు సంగతులున్నాయి: గ్రహం పేరు, ఎగరడం, అతని బలాన్ని హరించే క్రిప్టోనైట్ ఖనిజం. మూడూ 1938 నాటివి కావు.

అతను మొదట కనిపించిన 'యాక్షన్ కామిక్స్' అనే అమెరికా బొమ్మల కథల పత్రిక మొదటి సంచికలో ఆ గ్రహానికి పేరే లేదు, ఎక్కడో దూరాన ఉన్న గ్రహం అంటారంతే. క్రిప్టాన్ అన్న పేరు 1939 జనవరిలో దినపత్రికల్లో స్ట్రిప్ (రోజువారీ బొమ్మల కథ) మొదలయ్యాక వచ్చింది. మొదటి కథలో అతను ఎగరడు, దూకుతాడు. ఒక్క దూకులో మైలులో ఎనిమిదో వంతు, అంటే 660 అడుగులు. ఇరవై అంతస్తుల మేడ దాటగలడు, ఎక్స్‌ప్రెస్ రైలును మించి పరుగెత్తగలడు, పేలే ఫిరంగి గుండు కన్నా తక్కువది ఏదీ అతని చర్మాన్ని చీల్చలేదు. ఇంత బలం ఎలా వచ్చిందంటే, తన బరువుకు ఎన్నో రెట్లు మోసే చీమనూ, దూరాలు దూకే మిడతనూ చూపిస్తారు. పెంచిన కెంట్ దంపతులు కూడా అప్పటికి లేరు. దారిన పోయేవాడు పిల్లవాణ్ణి అనాథాశ్రమంలో అప్పగిస్తాడు.

అందుకే ముందు ఒక పని చెయ్యి. నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీసుకో: సంగతి, మొదట కనిపించిన చోటు, తేదీ, ఎందుకు వచ్చింది. ఎగరడం, క్రిప్టోనైట్, అతను పనిచేసే పత్రిక డైలీ ప్లానెట్, శత్రువు లూథర్ బట్టతల, అన్నిటికీ ఒక్కో వరుస. నాలుగో గడి నిండనిదే ఆ సంగతిని వ్యాసంలోకి తేకు. సూపర్‌మ్యాన్‌ని ఒక్కరోజున ఒక్కరు తయారుచేయలేదు. రేడియోవాళ్లు కొంత, కార్టూన్లవాళ్లు కొంత, సంపాదకులు కొంత చేర్చారు. ఎవరు ఏది చేర్చారో విడదీసి చూపించడమే నీ వ్యాసం పని.

ఎగరడమే తీసుకో. 1940 ఫిబ్రవరిలో రేడియో నాటకం మొదలైంది. బొమ్మ లేని చోట మనిషి పైకి లేచాడని చెవికి తెలియాలి కాబట్టి గాలి హోరు, ఒక కేక పెట్టారు. 1941 సెప్టెంబరులో ఫ్లైషర్ స్టూడియో కార్టూన్లు వచ్చాయి. గెంతుతూ పోవడం కదిలే బొమ్మల్లో అతకక, ఎగరడానికే మొగ్గారు. క్రిప్టోనైట్ కూడా రేడియో బిడ్డే. 1943లో అక్కడ వినిపించింది, కామిక్స్ పేజీల్లోకి 1949లో గాని రాలేదు. (1940లోనే సూపర్‌మ్యాన్ కథల రచయిత జెర్రీ సీగెల్ 'కె-మెటల్' అనే ఖనిజంతో ఒక కథ రాశాడు, కానీ అది అప్పుడు అచ్చుకాలేదు. ఈ వరుసలో రెండు తేదీలూ వెయ్యి.) "సత్యం, న్యాయం" అన్న నినాదానికి "అమెరికా బాట" తోడైంది 1942లో, యుద్ధం నడుస్తుండగా, అదీ రేడియోలోనే. 2021లో ఆ చివరి మాట తీసేసి "మెరుగైన రేపు" అన్న అర్థంలో మార్చారు. ఈ ఒక్క వరుస మీదే మంచి పేరా రాయొచ్చు.

ఇక మూలానికి వెళ్దాం. సీగెల్ రాసేవాడు, జో షూస్టర్ బొమ్మలు వేసేవాడు. ఇద్దరూ 1914లో పుట్టారు. సీగెల్‌ది క్లీవ్‌ల్యాండ్, షూస్టర్ టొరంటోలో పుట్టి చిన్నప్పుడే క్లీవ్‌ల్యాండ్ చేరాడు. యూదు వలస కుటుంబాల పిల్లలు, గ్లెన్‌విల్ హైస్కూల్లో కలిశారు. 1933 జనవరిలో తామే సైక్లోస్టైల్ తీసిన చిన్న పత్రికలో 'సూపర్‌మ్యాన్' అన్న మాట మొదట వాడారు. అక్కడ అతను దుష్టుడు! రొట్టె కోసం వరుసలో నిలబడ్డ ఒక నిరుపేదను శాస్త్రవేత్త తీసుకెళ్లి మందు తినిపిస్తాడు, అతనికి ఇతరుల మనసులు చదివే శక్తి వస్తుంది, లోకాన్ని ఏలాలనుకుంటాడు, చివరికి శక్తి పోయి మళ్లీ ఆ వరుసలోకే చేరతాడు. ఆర్థిక మాంద్యం ఈ కథలో ఎంత బాహాటంగా ఉందో చూడు. నీ వ్యాసం ఇక్కడ మొదలైతే బాగుంటుంది.

తర్వాత అతణ్ణి మంచివాడిగా మార్చి, దినపత్రికల స్ట్రిప్‌గా గీసి ఎన్నో చోట్లకు పంపారు, తిరిగొచ్చింది. చివరికి తీసుకున్న కామిక్ పత్రిక, ఆ స్ట్రిప్‌లను కత్తిరించి 13 పేజీలుగా అతికించి ఇమ్మంది. మొదటి కథ ఉన్నట్టుండి నడి మధ్యలో మొదలవడానికి కారణం అదే. కట్టేసిన ఒక స్త్రీని చంకన పెట్టుకుని అతను పరుగెత్తుతుంటాడు, ఎందుకో మనకు తెలియదు. ముందరి భాగం 1939లో 'సూపర్‌మ్యాన్' మొదటి సంచికలో కలిపారు. ఈ సంగతి తెలియనివాళ్లు ఆ తొందరను కొత్త శైలి అని మెచ్చుకుంటారు. నువ్వు ఆ పొరపాటు చెయ్యకు.

తేదీ దగ్గర ఇంకో గుంట ఉంది. అట్ట మీద జూన్ 1938 అని ఉంటుంది, అమ్మకానికి వచ్చింది ఏప్రిల్‌లో. దుకాణంలో ఎక్కువ రోజులు నిలవాలని రాబోయే నెల తేదీ వేసేవారు. రెంటిలో ఏది రాస్తున్నావో ప్రతిసారీ చెప్పు.

ఆ మొదటి కథలు దొరకబుచ్చుకుని చదువు. అతను గ్రహాంతర రాక్షసులతో పోరాడడు. నిరపరాధిని మరణశిక్ష నుంచి తప్పిస్తాడు, భార్యను కొట్టేవాడికి బుద్ధి చెబుతాడు, లంచం తిన్న సెనేటర్ వెంట పడతాడు. మూడో సంచికలో గని యజమానికి ఆ గనిలోని ప్రమాదం అతని కళ్లకే చూపిస్తాడు. ఎనిమిదో సంచికలో మురికివాడను కూల్చేస్తాడు, అప్పుడైనా ప్రభుత్వం కొత్త ఇళ్లు కడుతుందని. ఆ సూపర్‌మ్యాన్ మనవాళ్లకు బొత్తిగా తెలియదు. నీ వ్యాసంలో అందరికన్నా ఎక్కువ చోటు అతనికే ఇవ్వాలని నా కోరిక.

నువ్వు రుజువు లేకుండా వదిలిన మాటలు కొన్ని ఉన్నాయి. సీగెల్ తండ్రి 1932లో తన పాతబట్టల దుకాణంలో దొంగలు పడినప్పుడు గుండె ఆగి చనిపోయాడు. "అందుకే తూటా దిగని వీరుణ్ణి సృష్టించాడు" అని తేల్చేశావు. పోలిక మనసును తాకుతుంది, నిజమే, కానీ దాన్ని ప్రశ్నగానే ఉంచు. సూపర్‌మ్యాన్ పుట్టినప్పటి పేరు కల్-ఎల్ అంటే హీబ్రూలో దేవుడి మాట అని రాశావు. 1939 స్ట్రిప్‌లో అతని తండ్రి పేరు చివర ఉన్నది ఒట్టి ఇంగ్లిష్ 'ఎల్' (L) అక్షరం. హీబ్రూలో దేవుణ్ణి సూచించే 'ఎల్' (el) వర్ణక్రమం 1942 నవలతో వచ్చింది. తెలుగు లిపిలో రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఈ తేడాను మాటల్లో విప్పి చెప్పక తప్పదు. 1946లో 16 భాగాల రేడియో నాటకం కు క్లక్స్ క్లాన్‌ లాంటి జాత్యహంకార ముఠాను ఎండగట్టింది, అది నిజం. నాటకంలో ఆ ముఠా అసలు రహస్య సంకేతాలు ప్రసారం చేశారన్న ప్రచారానికి మాత్రం గట్టి ఆధారం లేదు.

హనుమంతుడి పోలిక గురించి అడిగావు. సీగెల్, షూస్టర్ హనుమంతుణ్ణి చూసి రాశారనడానికి ఏమీ లేదు, ఆ వాక్యం కొట్టెయ్యి. అలాగే పెట్టెలో వదిలిన కర్ణుడు మన పాఠకుడికి వెంటనే గుర్తొస్తాడు. పోలికగా వాడుకో, మూలంగా కాదు. కానీ 1980లో ఎన్టీఆర్ సూపర్‌మ్యాన్‌గా తెలుగు తెర మీదకు వచ్చినప్పుడు శక్తి ఆంజనేయస్వామి దయవల్ల లభిస్తుంది. అమెరికా సినిమా వచ్చిన రెండేళ్లకే మనవాళ్లు వేరే గ్రహాన్ని పక్కనపెట్టి స్వామిని తెచ్చుకున్నారు. మన సంబంధం అసలు ఇక్కడుంది, దీనికి వంద పదాలు కేటాయించు.

హక్కుల కథకు మూడు వందలు కావాలి. 13 పేజీలకు పేజీకి 10 డాలర్ల చొప్పున 130 డాలర్లు ఇచ్చి, ప్రచురణకర్తలు హక్కులన్నీ రాయించుకున్నారు. ఆ చెక్కు మీద 412 డాలర్లని ఉంటుంది. మిగతాది వేరే పనుల బాకీ, కాబట్టి "సూపర్‌మ్యాన్‌ను 412కి అమ్మారు" అని రాయకు. రేటు ఆ రోజుల్లో మామూలుదే. అన్యాయం రేటులో లేదు, శాశ్వతంగా ఇచ్చేయడంలో ఉంది. 1947లో సీగెల్, షూస్టర్ దావా వేశారు, మరుసటి ఏడు సుమారు 94,000 డాలర్లకు రాజీ కుదిరింది, తర్వాత కథల మీంచి వాళ్ల పేర్లే తీసేశారు. 1975లో, షూస్టర్ చూపు బాగా పోయాక, తోటి చిత్రకారులు నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ గొడవచేస్తే, ఇద్దరికీ ఏడాదికి 20,000 డాలర్లు, పేర్లు తిరిగి వెయ్యడం ఒప్పుకున్నారు. ఆ 412 డాలర్ల చెక్కు 2012 వేలంలో 1,60,000 డాలర్లు పలికింది. ఈ అంకెలను పక్కపక్కన పెట్టు చాలు, విశేషణాలు వద్దు.

చివరగా బొమ్మల సంగతి. అమెరికాలో ఆ మొదటి సంచిక 2034 జనవరి 1న కాపీరైట్ గడువు తీరి అందరి సొత్తు అవుతుంది. అది కూడా ఆ సంచికలో ఉన్నంత మేరకే: దూకేవాడు, పేరులేని గ్రహం, అనాథాశ్రమం. క్రిప్టోనైట్ తర్వాతి ఏళ్ల లెక్క, ట్రేడ్‌మార్కులు వేరే. అంటే నీ నోట్‌బుక్‌లోని రెండో, మూడో గడులు అప్పటికి లాయర్లకూ కావాలి. అంతవరకు అట్టబొమ్మ అచ్చు వెయ్యాలంటే అనుమతి అడుగు.

పట్టికలో కనీసం పదిహేను వరుసలు నింపి, మొదటి పేరా తిరగరాసి పంపు. మిగతాది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య